రమను వసుధ చేయబోతే

రెండు వందల పేజీలు రాశాక నవలాకారుడికి జ్ఞానోదయమవుతుంది: నాయిక పేరు రమ, ఆమె చెల్లెలు ఉమ. ఇద్దరూ ఒక గదిలో మాట్లాడుకుంటుంటే ఏ మాట ఎవరిదో రాసినవాడికే అంతుపట్టడం లేదు, ఇక చదివేవాడి గతి చెప్పాలా! పేర్ల మొదటి అక్షరం, ఆఖరి అక్షరం, పొడుగు వేరువేరుగా ఉండేట్టు చూసుకోవాలని నవలలు రాసేవాళ్ళందరికీ తెలుసు. మొదటి పేజీ హడావిడిలో అది ఎవరికీ గుర్తుండదు.

సరే, రమను వసుధ చేద్దాం. కంప్యూటర్లో వెతికి మార్చే సదుపాయం ఉండనే ఉంది. పైగడిలో 'రమ', కిందిగడిలో 'వసుధ', ఆపైన 'అన్నీ మార్చు'. వేలకొద్దీ మార్పులు చేశానని అది గొప్పగా చెబుతుంది. రమ పేరు అన్నిసార్లు రాయలేదే అన్న అనుమానం అప్పుడే రావాలి. రాదు.

తీరా చూస్తే, మూడో పేజీలో నాయిక తండ్రి పదవీ వివసుధణ చేసేశాడు. దారిలో ప్వసుధాదం జరిగింది. తల్లి 'పవసుధేశ్వరా!' అని మొక్కుకుంది. నాయిక అతన్ని లోపలికి వసుధ్మంది. అతనెవరో కాదు, కథానాయకుడు విక్రమ్. ఇప్పుడు విక్వసుధ్. ప్రేమికులు ఒకరిలో ఒకరు కలిసిపోవడమంటే మరీ ఇంతలా అని ఏ కవీ అనుకుని ఉండడు.

కంప్యూటర్‌ను తిట్టి లాభం లేదు. మన కంటికి 'ప్ర' ఒక్క అక్షరం. దాని లెక్కలో ప, పొల్లు, ర అని మూడు సంకేతాలు. ఆ ర పక్కన మ కనబడితే చాలు, రమ దొరికిందని సంబరపడుతుంది. శ్రమ, భ్రమ, క్రమం ఏవీ మిగలవు. పోనీ 'పూర్తి పదం మాత్రమే' అన్నచోట టిక్కు పెడితే? రమకి, రమతో, రమను అని విభక్తి అంటుకున్న రమలెవరూ దాని కంటపడరు. ఇంట్లో తిరిగేది వసుధ, ఉత్తరాలొచ్చేది రమకి.

వెంటనే చూసుకుంటే, చేసిన మార్పును వెనక్కి తిప్పే కంట్రోల్ జెడ్ కాపాడుతుంది. ఫైలు మూసేశాక గమనించి, వసుధను మళ్ళీ రమ చేస్తే పోలా అనుకుంటే, పన్నెండో అధ్యాయంలో మాస్టారు దంచిన 'వసుధైక కుటుంబం' ఉపన్యాసం కాస్తా 'రమైక కుటుంబం' అవుతుంది.

అందుకని ముందు ఫైలుకి నకలు తీసి పక్కన పెట్టాలి. తర్వాత రమకు ముందు ఒక ఖాళీ చేర్చి వెతకాలి. విక్రమ్, పరమేశ్వరుడు బతికిపోతారు. మార్చే పేరుకి ముందూ అదే ఖాళీ ఉండాలి, లేకపోతే పక్క మాటకి అతుక్కుపోతుంది. 'రమ్మంది', 'రమణీయం' ఇంకా వలలో పడతాయి కనుక ఒక్కొక్కటీ చూసి మార్చడమే. పేరా మొదట్లో, కొటేషన్ గుర్తు వెనకాల ఉన్న రమకు ముందు ఖాళీ ఉండదు, ఆ వెతుకులాట వేరే. వసుధ అచ్చుతో ముగిసింది కాబట్టి సరిపోయింది. కిరణ్ లాంటి పేరైతే 'తో' వచ్చి వత్తయి కూర్చునేది.

ఇంత చేసినా యంత్రానికి దొరకనిది ఒకటుంటుంది. ఐదో అధ్యాయంలో విక్రమ్ జేబులో రుమాలు, దాని మూలన ఎర్రదారంతో కుట్టిన 'ర'. దాన్ని 'వ'గా దిద్దడం అర నిమిషం పని. కానీ వసుధ ఆ రుమాలు ఉతకబోయి 'ఎవరీ ర?' అని అడిగితే? రాసేవాడికి ఇలాంటిచోటే నోరూరుతుంది. విక్రమ్‌కి ఉన్నట్టుండి ఒక గతం, ఆ గతంలో ఒక రజని పుట్టుకొస్తారు, నవల ఇంకో నలభై పేజీలు పెరుగుతుంది.