వాసన చంపే స్ప్రే సీసా గారికి

విస్కాన్సిన్,
తుపాకీతో జింకల వేట సీజన్ ముగిసిన మర్నాడు

మహారాజశ్రీ స్ప్రే సీసా గారికి,

ఉభయకుశలోపరి. ఉభయులంటే నేనూ, జింకా. మీ పుణ్యమా అని ఇద్దరమూ ఎవరిళ్లకు వాళ్లం క్షేమంగా చేరాం.

అక్టోబరులో దుకాణంలో మిమ్మల్ని చూడగానే పడిపోయాను. ‘మనిషి వాసన మాయం’ అని రాసుంది మీ ఒంటి మీద. ఈ దేశానికి వచ్చి పన్నెండేళ్లయినా, ఆఫీసు లిఫ్టులో నా కోటు పోపు వాసనేస్తోందేమోనని టెన్షన్ పడేవాణ్ని. నా కంటికి మీరు సీసాలో పోసిన గ్రీన్ కార్డులా కనిపించారు. మీ వెంట మీ బలగం కూడా ఇంటికొచ్చింది: వాసన లేని సబ్బు, వాసన లేని షాంపూ, వాసన పీల్చే బొగ్గు దట్టించిన కోటు, బట్టలకు మట్టివాసన పట్టించే బిళ్లలు. వాసన పోగొట్టేవాళ్లూ, పట్టించేవాళ్లూ ఒకే అరలో కొట్టుకోకుండా ఎలా ఉంటున్నారో నేను అడగలేదు.

వేటకు వారం ముందు నుంచీ ఇంట్లో ఇంగువ డబ్బా అటకెక్కింది. వేట బట్టలు విడిగా ఉతికి, డబ్బాలో మూతపెట్టి, గరాజ్‌లో ఎవరూ తాకని మూల పెట్టాను. మా నాయనమ్మ దండెం మీది మడిబట్టను కర్రతో తీసేది. నేనూ ఇంచుమించు అలాగే తీశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, “జింకని చంపడానికి ఇంత మడేమిటండీ?” అంది. (మన దగ్గరైతే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద జైలుకెళ్లే పని. ఇక్కడ లైసెన్సు తీసుకుని, థాంక్స్‌గివింగ్ ముందు శనివారం నుంచి 9 రోజులు చేసుకోవచ్చు.)

ఆ శనివారం తెల్లవారకముందే పక్కింటి పెద్దాయన తన ట్రక్కులో రాష్ట్రం నైరుతి మూలనున్న డ్రిఫ్ట్‌లెస్ కొండల్లోకి తీసుకెళ్లాడు. ఒకప్పుడు హిమానీనదాలు చుట్టుపక్కల నేలంతా చదును చేసి, దీన్ని మాత్రం వదిలేశాయట. అందుకే ఎటు చూసినా మెట్టలూ, లోయలే. పెద్దాయన జాకెట్టు డీజిలూ, కుక్కా కలిసిన వాసన. చేతిలో సాసేజ్ శాండ్‌విచ్. నేను మిమ్మల్ని నెత్తి నుంచి బూట్ల దాకా కొట్టుకుంటుంటే శాండ్‌విచ్ నమలడం ఆపి మరీ చూశాడు.

“ఎండ పడేదాకా వాలు పైనున్న వేట సీటెక్కకు. చల్లగాలి లోయలోకి జారుతుంది. జింకల బాట కిందే ఉంది,” అన్నాడు. ఎండ తగిలి వాలు వేడెక్కాక గాలి పైకి లేస్తుందట, సాయంత్రం మళ్లీ దిగుతుందట. నాకెందుకా పంచాంగం? మీరున్నారుగా! ఆయన అటు వెళ్లగానే ఇటు పై సీటెక్కాను.

వెలుతురొచ్చింది కానీ లోయలోకి ఎండ దిగలేదు. కింద బాట మీద ఆడజింక. తడి ముక్కు పైకెత్తింది. ముందుకాలు నేల మీద టప్‌మని కొట్టింది. ఫ్ఫూ! అని ఓ చీదు చీది, తెల్లతోక జెండాలా ఎత్తి పోయింది. దాని వెనక పొదల్లో ఇంకేదో కదిలింది. కొమ్ములు! నాకు దక్కింది వాటి వెనకభాగం దర్శనం. పసిగట్టడమంటే అసలు అర్థం వాసన పట్టడమేనని అప్పుడు తెలిసొచ్చింది.

మీ తప్పేమీ లేదనుకోండి. చెమట మీద బతికే సూక్ష్మజీవుల సంగతేదో మీరు చూసుకునే ఉంటారు. కానీ నా ఊపిరికి ఎవరు మూత పెడతారు? నిమిషనిమిషానికీ రాలే చర్మం పొట్టుకి? కోటులో బొగ్గుని డ్రైయర్‌లో తిప్పితే మళ్లీ కొత్తదవుతుందన్నారు మీ వాళ్లు. దానికి వందల డిగ్రీల వేడి కావాలి, నా డ్రైయర్ తువ్వాళ్లే సరిగా ఆరబెట్టదు. అటు మగజింకను చూడండి. జతకట్టే ఈ రోజుల్లో అది తన వెనక కాళ్ల గ్రంథుల మీద తానే మూత్రం పోసుకుని, రెండు కాళ్లూ రాచుకుని, అడవంతా విజిటింగ్ కార్డులు పంచుతుంది. నేనేమో నా చిరునామా చెరుపుకోవడానికి బిల్లు కట్టాను.

పెద్దాయన వచ్చి ఏమీ అనలేదు. పాత మాత్రల డబ్బాలోంచి చిటికెడు తెల్లని దూది తీశాడు. మిల్క్‌వీడ్ అట, మన జిల్లేడుకు చుట్టం. చిన్నప్పుడు మేం ఊదిన దూదే! నా సీటు దగ్గరే వదిలాడు. కాస్త దూరం తిన్నగా తేలింది. తర్వాత వాలు మీద మెల్లగా దిగుతూ, జారుతూ, సరిగ్గా ఆ జింక కాలు కొట్టిన చోటికెళ్లి గడ్డిలో కూర్చుంది. ఖరీదు సున్నా. రోడ్డు పక్కన కోసుకొచ్చాడట.

మీలో ఇంకా ముప్పాతిక సీసా మిగిలింది. మా ఆవిడ నిన్న చేపల పులుసు పెట్టి, కర్టెన్ల మీద మిమ్మల్ని ధారాళంగా కొట్టింది. సాయంత్రం కంచె అవతల నుంచి పెద్దాయన, “ఇవాళ చేపలా?” అన్నాడు. గాలి అటే వీస్తోంది మరి.

ఇట్లు,
మీ వాసనగల విధేయుడు