లాక్ మారింది, కామెంట్ మాత్రం అలాగే ఉంది

ప్రోగ్రామ్‌లో ఒక ఫంక్షన్ పైన, చదివేవాళ్ల కోసం రాసిన కామెంట్ ఉంటుంది: "పిలిచే ముందు లాక్ పట్టుకోవాలి." లాక్ అంటే ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే తాళం. మధ్యలో ఎవరో కోడ్ మార్చి లాక్ పట్టుకునే పని ఫంక్షన్ లోపలికే తెచ్చేస్తారు. కామెంట్ జోలికి మాత్రం పోరు. కొన్నాళ్లకి కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని నమ్మి, బయట లాక్ పట్టుకుని మరీ పిలుస్తాడు. ఆ లాక్ మామూలు మ్యూటెక్స్ (ఒకసారి పట్టుకున్నాక వదిలేదాకా మళ్లీ దొరకని రకం) అయితే, ఆ థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని) తన చేతిలో ఉన్న లాక్ కోసం తనే ఎదురుచూస్తూ అక్కడే ఆగిపోతుంది. తిట్లన్నీ ఆ కుర్రాడికే. నన్నడిగితే తప్పు కామెంట్ వదిలేసినవాళ్లది, ఆ మార్పుని చూసి కూడా ఓకే కొట్టిన రివ్యూయర్‌ది.

"కోడ్ ఉందిగా, చదువుకోవచ్చుగా" అనేవాళ్లని చూస్తే ఒళ్లుమంట. లాక్ ఎవరు పట్టుకోవాలన్నది చాలాసార్లు ఆ ఫంక్షన్‌లో కనిపించదు, దాన్ని పిలిచే నలభై చోట్ల వెతుక్కోవాలి. పైగా లాక్ మర్చిపోయినా ప్రోగ్రామ్ నెలల తరబడి బాగానే నడవచ్చు. రన్ చేసి చూస్తే తెలిసే తప్పు కాదిది.

జావా సంగతే చూడండి. 2023లో జేడీకే 21తో (జేడీకే అంటే జావా డెవలపర్ల కిట్) వర్చువల్ థ్రెడ్లు వచ్చాయి, అంటే కొద్దిపాటి అసలు థ్రెడ్ల మీద వంతులవారీగా నడిచే తేలికపాటి థ్రెడ్లు. సింక్రనైజ్డ్ బ్లాక్‌లో (జావా భాషలోనే ఉన్న లాక్ పద్ధతి) ఉండగా వర్చువల్ థ్రెడ్ దేనికోసమైనా ఆగితే, దాన్ని మోస్తున్న అసలు థ్రెడ్ కూడా ఇరుక్కుపోయేది. అందుకే అలాంటి చోట రీఎంట్రంట్‌లాక్ అనే వేరే రకం లాక్ వాడమన్నారు. 2025 మార్చిలో వచ్చిన జేడీకే 24 ఆ ఇబ్బందిని దాదాపుగా తీసేసింది. కానీ "సింక్రనైజ్డ్ వాడొద్దు" అని వర్షన్ నంబర్ లేకుండా రాసుకున్న టీమ్ రూల్స్ ఎన్ని మారాయి? 21 మీద ఉన్నవాళ్లకి అది ఇప్పటికీ నిజమే. 24కి వెళ్లినవాళ్లకి మాత్రం పోయినేడు పంచాంగం.

లినక్స్ కెర్నల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కోడ్) ఫైల్‌సిస్టమ్ లాకింగ్ నియమాల ఫైల్ ఒకటుంది. ఇది తాజాగా ఉంది అంటూనే, అలా అని నమ్ముతున్నాం అని బ్రాకెట్లో కలిపారు. లాకింగ్ పద్ధతి మారిస్తే దయచేసి ఈ ఫైల్ కూడా మార్చండి, దానికి తగ్గట్టు మార్చాల్సిన కోడ్ కూడా మీరే మార్చండి, ఆ కోడ్ చూసుకునే మెయింటెయినర్ల నెత్తిన పడేయకండి అని కూడా ఉంటుంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. బతిమాలుకోవడంతోనే సరిపెట్టలేదు కూడా. ఫంక్షన్ మొదట్లో లాక్‌డెప్_అసర్ట్_హెల్డ్ అని ఒక్క లైను పెడితే, లాక్‌డెప్ (లాకుల వాడకాన్ని తనిఖీ చేసే సాధనం) ఆన్ చేసిన కెర్నల్‌లో లాక్ లేకుండా పిలవగానే వార్నింగ్ వచ్చి పడుతుంది.

ఇలా నియమాన్ని కోడే తనిఖీ చేసే లైన్‌ని అసర్ట్ అంటారు. అది పెట్టగలిగిన చోట పెట్టండి. కుదరని చోట, లాక్‌ని ముట్టుకున్న పాచ్‌లోనే (కోడ్ మార్పులోనే) కామెంట్ కూడా సరిచేయండి. "దానికి వేరే టికెట్ వేస్తాం" అంటే మాత్రం నా దగ్గర అప్రూవల్ రాదు.