గీజర్‌కి థర్మామీటర్ చాలు, రిమోట్ వద్దు

గీజర్ కొంటే కంపెనీవాడు ఇచ్చేది రెండు లైట్లు. ఒకటి కరెంటు ఉందని, ఇంకోటి కాయిల్ కాలుతోందని. లోపల నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో చూపించే డిస్‌ప్లే మాత్రం ఎక్కువగా ఖరీదు మోడళ్లకే. మన విజయనగరం ఇళ్లలో స్నానం అవగానే స్విచ్ ఆపేయడం అలవాటు, దాంతో ఆ రెండు లైట్లూ ఆరిపోతాయి. ఇక లోపల నీళ్లు మండుతున్నాయో చల్లారాయో దేవుడికే తెలియాలి. అందుకే సిరిమాను సంబరం వెళ్లి చలి మొదలైన దగ్గర్నుంచి ఇంటింటా ఒకటే కేక: "గీజరు కట్టీసేరా లేదా?" కార్తీక మాసంలో అయితే ఆ కేక తెల్లారకముందే.

ఈ టెన్షన్‌కి లెక్క కట్టి చూడండి. 25 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు 60 డిగ్రీలకి తేవడానికి సుమారు 0.6 యూనిట్ చాలు. 2 కిలోవాట్ల కాయిల్‌కి అది ఇరవై నిమిషాల లోపు పని. తర్వాత సరిపడా వేడెక్కగానే కరెంటు తెంచే థర్మోస్టాట్ తనే ఆపేస్తుంది. గంటసేపు మర్చిపోతే రెండు యూనిట్లు పోయాయని ఇంట్లో పెద్దవాళ్లు గోల చేస్తారు గానీ, అంత పోదు. అసలు వృథా ఎవరూ వాడకుండా చల్లారిపోయే నీళ్లది. వేడి ఎంతుందో కనిపిస్తే మళ్లీ స్విచ్ వేయాలా వద్దా అన్నది ఎవరికైనా తెలిసిపోతుంది.

దీనికి డీఎస్18బీ20 అనే చవక సెన్సర్ సరిపోతుంది. స్టీలు గొట్టంలో పెట్టి అమ్ముతారు. 85 డిగ్రీల వరకు అర డిగ్రీ అటూఇటూగా చెబుతుంది. సెన్సర్‌ని చదివే చిన్న కంప్యూటర్ లాంటి ఒక ఈఎస్‌పీ8266 బోర్డు, ఒక 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, చిన్న డిస్‌ప్లే ఉంటే పని అయిపోతుంది. ట్యాంకుకి కన్నం పెట్టొద్దు, మూత విప్పొద్దు. వేడినీళ్లు బయటికొచ్చే ఇనప పైపుకి, ట్యాంకుకి వీలైనంత దగ్గరగా అల్యూమినియం టేపుతో అతికించి పైన ఫోమ్ చుట్టండి. కుళాయి తిప్పి కాసేపు వదిలితేనే సరైన అంకె వస్తుంది, అప్పటిదాకా తక్కువే చూపిస్తుంది. ఇంకో తమాషా: కరెంటు ఇచ్చాక మొదటి కొలత పూర్తి కాకుండా చదివితే ఈ సెన్సర్ 85 అని చూపిస్తుంది. వేరే చోటైతే తప్పని వెంటనే పట్టేస్తాం. గీజర్ దగ్గర నిజమే అనుకుని హడలిపోతాం!

నా గొడవంతా ఇక్కడితో ఆగని కుర్రాళ్లతోనే. సెన్సర్ పెట్టగానే రిలే, అంటే బోర్డు చెప్పినట్టు కరెంటు కలిపి తెంచే స్విచ్, పెడతారు, ఫోన్‌లోంచి ఆన్ చేస్తారు, ఆఖరికి థర్మోస్టాట్ తీసేసి నా కోడే చూసుకుంటుందంటారు. 10 ఆంపియర్లని రాసుండే ఆ చవక రిలే మీద 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 3 కిలోవాట్లదైతే 13. రిలే అతుక్కుపోయినా, కోడ్ హ్యాంగ్ అయినా కాయిల్ ఆగదు. అలాంటప్పుడు కాపాడేది ఆ థర్మోస్టాట్, వేడి మితిమీరితే కరెంటు తెంచే కటౌట్, ఒత్తిడి పెరిగితే వదిలేసే ప్రెషర్ వాల్వే. వాటి జోలికి వెళ్లడం తెలివి కాదు, పొగరు.

60 డిగ్రీల నీళ్లు పడితే కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాలుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ అంకె బాత్రూమ్ తలుపు పక్కన, అందరికీ కనపడేట్టు ఉండాలి, ఫోన్‌లో కాదు. రిలేకి పెట్టే డబ్బులతో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి. మా వైపు పాత ఇళ్లలో చాలాచోట్ల సాకెట్లో మూడో కన్నం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు.