ఒక్క గడి తేడా

యూరోవిజన్ పాటల పోటీలో ఏ దేశం గెలుస్తుందో ముందే చెప్పడంలో నాకు చాలా ఏళ్ళ అనుభవం ఉంది. ఒక్కసారి కూడా నిజం కాలేదు, అది వేరే సంగతి.

2017లో స్టాక్‌హోమ్ ఆఫీసులో చేరిన కొత్తలోనే ఈ పందెంలోకి లాగారు. షీట్‌లో మన పేరు ఎదురుగా ఒక దేశం పెట్టాలి. ఎవరి దేశం అందరికంటే వెనకబడుతుందో వాళ్ళు సోమవారం ఫికాకి కేకు తేవాలి. గెలిచినవాళ్ళకి మొదటి ముక్క. ఫికా అంటే కాఫీ టైమే గానీ, ఇక్కడివాళ్ళు దాన్ని సంధ్యావందనమంత నిష్ఠగా చేస్తారు.

ఆ ఏడు బెట్టింగ్ లెక్కలన్నీ ఇటలీ అన్నాయి. స్టేజీ మీద గొరిల్లా వేషంలో ఒకాయన కూడా డాన్స్ చేశాడు, ఇంకేం కావాలి అనుకున్నాను. ఇటలీకి ఆరో స్థానం. జనం మధ్య నిలబడి తన మానాన తను పాడుకున్న పోర్చుగల్ అబ్బాయి 758 పాయింట్లతో గెలిచాడు. 2018 సంగతి వదిలేయండి. 2019లో అందరూ నెదర్లాండ్స్ అన్నారు కాబట్టి నేను అనలేదు. నెదర్లాండ్స్ గెలిచింది. 2020లో కోవిడ్ వల్ల పోటీయే జరగలేదు. ఆ ఒక్క ఏడాదే నేను ఓడిపోలేదు.

2021లో ఇటలీ, 2022లో ఉక్రెయిన్. ఫేవరెట్‌లే గెలుస్తూ పోయాయి, నేను మాత్రం 2017లో కాలిన చెయ్యి చూసుకుంటూ వేరే దేశాల పేర్లు రాస్తూ పోయాను. 2023లో ఇంకా ఘోరం. స్వీడన్‌లో కూర్చుని, స్వీడన్ జీతం తీసుకుంటూ, ఫిన్లాండ్ అన్నాను. ఈ పోటీలో జనం ఓట్లూ, సంగీతం తెలిసిన జ్యూరీల ఓట్లూ కలిపి లెక్కేస్తారు. ఫిన్లాండ్‌కి జనం 376 పాయింట్లు కుమ్మరించారు, లివర్‌పూల్ హాలు దద్దరిల్లిపోయింది. జ్యూరీలు స్వీడన్ వైపు నిలబడ్డాయి. స్వీడన్ గెలిచింది. నెలరోజులపాటు ఆఫీసులో నన్ను శత్రుదేశపు గూఢచారిని చూసినట్టు చూశారు. సరే, ఇక బుద్ధి తెచ్చుకుని 2024లో ఫేవరెట్ క్రొయేషియా అన్నాను. రెండో స్థానం.

అందుకే 2025లో మనసు మాట వినకూడదని ఎక్సెల్ తెరిచాను. జ్యూరీలకి నచ్చేదెంత, జనానికి నచ్చేదెంత, గ్రీస్, సైప్రస్‌ల లాగా ఒకరికొకరు గరిష్ఠంగా ఇవ్వగలిగే పన్నెండేసి పాయింట్లు ఇచ్చుకునే బంధుత్వాలెన్ని, అన్నిటికీ కాలమ్‌లు. రెండో నంబర్లో పాడినవాళ్ళు ఇంతవరకూ గెలవలేదు కాబట్టి దానికీ ఒక కాలమ్ పెట్టాను. ఫైనల్లో ఎవరిది ఎన్నో నంబరో సెమీస్ అయ్యేదాకా తెలియదు కాబట్టి అది ఖాళీగానే ఉండిపోయింది. అయినా చూడ్డానికి బాగుంది, తీసేయలేదు.

ఆఫీసంతా ఆవిరి స్నానం మత్తులో ఉంది. స్వీడన్ తరఫున ఫిన్లాండ్ కుర్రాళ్ళు ముగ్గురు ఆవిరి గది గురించి పాడుతున్నారు, మా మేనేజర్ మీటింగ్‌కి భుజాన తువ్వాలుతో వస్తోంది. నేను చలించలేదు. నా ఎక్సెల్ ఆస్ట్రియా అంది. నలుపు తెలుపుల్లో ఒక అబ్బాయి తుఫానులో పడవెక్కి ఒపేరా గొంతుతో పాడతాడు, చివర్లో టెక్నో. జ్యూరీకి ఒపేరా, జనానికి టెక్నో. తిరుగు లేదు. మంగళవారం మధ్యాహ్నం షీట్‌కి తాళం పడే ముందు, బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో ఫోన్‌లో దేశం పేరు నొక్కేశాను.

గురువారం రెండో సెమీఫైనల్. ఆస్ట్రియా ఫైనల్‌కి వెళ్ళింది. హాయిగా నిద్రపోయాను.

శుక్రవారం ఆఫీసుకి వెళ్తే నా కీబోర్డు మీద బొమ్మ కంగారూ కూర్చుని ఉంది. మెడలో నల్ల రిబ్బన్. పక్క సీటావిడ వచ్చి, ఎవరో పోయినట్టు భుజం తట్టింది. కొత్తగా చేరిన ఇంటర్న్ కుర్రాడొక్కడే నిజంగా బాధపడ్డాడు. "చాలా మంచి పాట. అన్యాయం జరిగింది," అన్నాడు, కళ్ళు దించుకుని.

షీట్ తెరిచాను. నా పేరు ఎదురుగా ఆస్ట్రేలియా అని ఉంది. నిన్నటి సెమీఫైనల్లోనే ఇంటిదారి పట్టిన దేశం.

ఆస్ట్రేలియాకి యూరప్ పోటీలో పనేంటని మీరడగొచ్చు. 2015లో అరవయ్యో పోటీకి అతిథిగా పిలిచారు, వచ్చిన చుట్టం అలాగే ఉండిపోయింది. ఆ పిలిచిన పోటీ జరిగింది ఎక్కడో తెలుసా? వియన్నాలో. ఆస్ట్రియాలో! 'మా దేశంలో కంగారూలు లేవు' అని టీషర్టులు అచ్చేసుకుని అమ్ముకునే దేశంలో. అక్షరక్రమంలో ఈ రెండూ ఒకదాని కింద ఒకటి వస్తాయి. నా బొటనవేలు రెండు గడుల వెడల్పు ఉంటుంది.

"నేననుకున్నది ఆస్ట్రియా, వేలు జారింది," అన్నాను. ఎక్సెల్ చూపించాను. ఖాళీ కాలమ్‌తో సహా.

మేనేజర్ ఓపిగ్గా చూసింది. "నిజమే కావొచ్చు. కానీ ఆస్ట్రేలియా పోయేదాకా వేలు జారిన సంగతి చెప్పలేదే?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

శనివారం రాత్రి బాసెల్‌లో ఫైనల్. జ్యూరీ ఓట్లలో ఆస్ట్రియా ముందుంది, 258. జనం ఓట్లు కింది నుంచి ఒక్కో దేశానికీ చదువుతున్నారు. ఇజ్రాయెల్ ఒక్కసారిగా 357కి ఎగబాకింది. జ్యూరీ లెక్కలో రెండో స్థానంలో ఉన్న స్విట్జర్లాండ్‌కి జనం ఇచ్చింది సున్నా, అదీ సొంతగడ్డ మీద. ఇక మిగిలింది ఆస్ట్రియా ఒక్కటే, వంద కావాలి. నేను సోఫా మీద మోకాళ్ళ మీద ఉన్నాను. 178! మొత్తం 436. ఎగిరి గంతేసి, పిల్లలు లేచేలా అరిచాను.

"మనం గెలిచామాండీ?" అంది మా ఆవిడ గది లోంచి.

"గెలిచాం!"

"మరి కేకు ఎవరు తేవాలి?"

కూర్చున్నాను.

సోమవారం ఫికా టైముకి కేకు పట్టుకెళ్ళాను. షీట్‌లో ఆస్ట్రియా అని పెట్టింది ఒక్కడే, ఆ ఇంటర్న్ కుర్రాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎలా కనిపెట్టావయ్యా అని మేనేజర్ అడిగితే, చెవులు ఎర్రబడేలా సిగ్గుపడ్డాడు. పాపం వినయం అనుకున్నారు.

కాసేపటికి కాఫీ మెషిన్ దగ్గర నా పక్కకొచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు.

"ఎవరికీ చెప్పొద్దు. నాకు నచ్చింది ఆ మిల్క్‌షేక్ పాట. ఆస్ట్రేలియాది," అన్నాడు గొంతు తగ్గించి. "నేను కూడా ఫోన్‌లోనే నొక్కాను."

ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడు తన ప్లేటులోని మొదటి ముక్కని చెంచాతో సరిగ్గా మధ్యకి కోసి, సగం నా ప్లేటులో పెట్టాడు.