సవరణ: డ్రాప్ క్యాషెస్‌తో ర్యామ్ డిస్క్ ఖాళీ కాదు

లినక్స్‌లో టీఎంపీఎఫ్‌ఎస్ (tmpfs, ఫైళ్లను ర్యామ్‌లోనే ఉంచే ర్యామ్ డిస్క్) నిండి మెమరీ చాలకపోతే డ్రాప్ క్యాషెస్‌లో (సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ మెమరీలో దాచుకున్న కాపీలను పారేయించే drop_caches ఫైల్‌లో) 3 రాస్తే చాలని కిందటి పోస్టులో రాశాం. అది తప్పు, క్షమించండి. ఆ ఫైళ్లకు డిస్కు మీద ఇంకో కాపీ ఉండదు, అందుకే కెర్నల్ వాటిని పారేయదు. మహా అయితే స్వాప్‌లోకి, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగంలోకి నెడుతుంది. మెమరీ వాడకం చూపే ఫ్రీ కమాండ్ వాటిని బఫ్/క్యాష్ లెక్కలో కలిపి చూపిస్తుంది కాబట్టే ఈ పొరపాటు. టీఎంపీఎఫ్‌ఎస్ వాడకం తెలియాలంటే అందులోనే షేర్డ్ కింద అంకె చూడండి.

అది పెద్దగా ఉంటే డీఎఫ్ (df) కమాండ్‌తో ఏ మౌంట్ (ఏ ఫోల్డర్ కింద తగిలించిన టీఎంపీఎఫ్‌ఎస్) నిండిందో పట్టుకుని ఫైళ్లు తీసేయాలి. తీసేసినా అంకె దిగలేదంటే ఏదో ప్రాసెస్ ఆ ఫైల్‌ను ఇంకా తెరిచే ఉంచిందన్నమాట. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్ఓఎఫ్ (lsof) కమాండ్‌కు ప్లస్ ఎల్1 (+L1) ఇస్తే ఆ ప్రాసెస్ ఏదో తెలుస్తుంది. దాన్ని రీస్టార్ట్ చేయండి.

టీఎంపీఎఫ్‌ఎస్‌ను మౌంట్ చేసేటప్పుడు సైజు ఇవ్వడం మరవకండి. ఇవ్వకపోతే పరిమితి ర్యామ్‌లో సగం: 16 జీబీకి 8. ఇలాంటిదే అయిన ర్యామ్‌ఎఫ్‌ఎస్‌కైతే పరిమితీ లేదు, స్వాపూ లేదు.