దొంగ డెనారియస్‌కు న్యాయం చేయాలి

రోమన్ నాణేలు పోగుచేసేవాళ్లలో ఒక దురాచారం బాగా పాతుకుపోయింది. నాణెం చేతికి రాగానే "ఇది అసలుదేనా?" అని అడుగుతారు. భూతద్దం తీస్తారు. త్రాసులో పెడతారు. అంచు చుట్టూ గోరు పోనిచ్చి అతుకు తగులుతుందేమో చూస్తారు. రెండు వేల ఏళ్ల పెద్దమనిషిని గేటు దగ్గర ఆపి ఆధార్ కార్డు అడిగినట్టుంటుంది. ఈ అవమానం మీద ఎవరో ఒకరు నోరు విప్పాలి కనుక విప్పుతున్నాను.

ముందు అసలు నాణేల చరిత్ర చూద్దాం. డెనారియస్ రోమ్ వాళ్ల వెండి నాణెం. తొలి చక్రవర్తి అగస్టస్ కాలంలో దాదాపు మేలిమి వెండే. ఒక రోమన్ పౌను వెండితో 84 నాణేలు కొట్టేవారు. క్రీ.శ. 64లో నీరో అదే పౌనుతో 96 కొట్టించాడు, చాలదన్నట్టు కాస్త రాగి కూడా కలిపించాడు. 215లో కారకల్లా చక్రవర్తి ఒక కొత్త నాణెం తెచ్చి ఇది రెండు డెనారియస్‌లకు సమానం అన్నాడు. అందులో ఉన్న వెండి ఒకటిన్నర డెనారియస్‌లకు సరి. మిగతా సగం బొమ్మలో ఆయన తలమీదున్న కిరణాల కిరీటంలో ఉందని జనం సర్దుకున్నారు కాబోలు. 270 వచ్చేసరికి ఆ నాణెంలో వెండి నూటికి ఐదు పాళ్లు కూడా మిగల్లేదు. లోపలంతా రాగి, పైన వెండి మెరుపు.

రాగి బిళ్లకు వెండి రేకు చుట్టి ముద్ర కొట్టే పని రోమ్ సందుల్లో కూడా కొందరు చేసేవారు. వాళ్లు చేస్తే దొంగ నాణెం. చక్రవర్తి చేస్తే ద్రవ్య విధానం. ఇంత సున్నితమైన తేడాను ఇవాళ్టి సేకర్తలు కూడా భక్తిగా పాటిస్తున్నారు.

పరీక్షలు పెట్టేవారికి చరిత్ర ఏం చేసిందో కూడా చెప్పాలి. క్రీ.పూ. 85లో మారియస్ గ్రాటిడియానస్ అనే అధికారి నాణేల మంచిచెడ్డలు తేల్చే ఏర్పాటు చేశాడు. జనం ఉప్పొంగిపోయి వీధివీధినా ఆయన విగ్రహం నిలబెట్టి ధూపం వేశారు. మూడేళ్లు తిరక్కుండానే రోమన్ సేనాని సుల్లా మనుషులు ఆయన్ని చిత్రహింసలు పెట్టి చంపారు. ఆ సుల్లాయే మరుసటి ఏడు దొంగ నాణేల మీద కఠిన చట్టం తెచ్చాడు. ఈ వృత్తిలో దిగాలని ఉబలాటపడే కుర్రవాళ్లకు ఈ కెరీర్ గ్రాఫ్ ముందే చూపించడం మంచిది.

ఇక మెళకువల సంగతి. ఆ రోజుల్లో లోహపు బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. ఆ దెబ్బకు లోహం అంచులకు పారుతుంది, ఒక్కోసారి అంచు చీలుతుంది. కరిగించి మూసలో పోసిన నకిలీకి ఈ గాయాలు ఉండవు. దానికి సన్నని గాలి బుడగలు, మెత్తబడిన అక్షరాలు, చుట్టూ అతుకు ఉంటాయి. రెండు నాణేలు ఒకే అచ్చువి అయితే సంతోషమే. ఒకే చోట ఒకే గీత, ఒకే నొక్కు, ఒకే అరుగుదల కూడా ఉంటే మాత్రం ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీ బిడ్డలన్నమాట. ఆనాటి తత్వవేత్త ఎపిక్టెటస్ చెప్పిన పద్ధతి ఇంకా సులువు. నాణేలు చూసేవాడు కంటితో చూస్తాడు, చేత్తో తడుముతాడు, వాసన చూస్తాడు, చివరికి కింద పడేసి చప్పుడు వింటాడు. ఇప్పుడు ఎక్స్-రే యంత్రం వచ్చింది. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, తన నాణెం దగ్గరికొచ్చేసరికి యంత్రంలోనే ఏదో తేడా ఉందంటాడు సేకర్త.

ఈ పరీక్షలన్నిటికీ గురువుగారు జర్మనీకి చెందిన నకిలీ నాణేల నిపుణుడు కార్ల్ విల్‌హెల్మ్ బెకర్, 1772లో పుట్టి 1830లో పోయిన మహానుభావుడు. ఉక్కు అచ్చులు సొంత చేత్తో చెక్కేవాడు. అరిగిపోయిన పాత నాణేల మీదే కొత్త ముద్ర కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. అంటే లోహాన్ని ఎంత పరీక్షించినా పాతదనే తేలుతుంది! కొత్త మెరుపు పోవడానికి నాణేల్ని జిడ్డు, ఇనుప రజనుతో కలిపి పెట్టెలో వేసి, గుర్రబ్బండికి కట్టి ఊళ్లు తిప్పేవాడని చెప్పుకుంటారు. ఆయన అచ్చులు బెర్లిన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఆయన నకిలీల కోసం ఇప్పుడు సేకర్తలు వెతుక్కుంటున్నారు. మనకిది వింతగానీ రోమన్ రచయిత పెద్ద ప్లినీకి కాదు. దొంగ డెనారియస్ నమూనా ఒకటి చూడ్డానికి జనం ఎన్నో మంచి డెనారియస్‌లు పోసి కొంటున్నారని ఆయన ఆనాడే రాసిపెట్టాడు.

అసలు నాణెం వల్ల ఒరిగేదేమిటో కూడా చూద్దాం. సీజర్‌ను చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ ఆ హత్యను తలచుకుని కొట్టించిన బంగారు నాణెం ఒకటి 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లు దాటి పలికింది. ఒకవైపు బ్రూటస్ మొహం, రెండోవైపు రెండు బాకులు. తర్వాత తేలిందేమిటంటే ఇదివరకు ఎవరెవరి దగ్గర ఉందో చెప్పే కాగితాలు దొంగవి. 2023లో నాణెం తిరిగి గ్రీస్‌కు వెళ్లిపోయింది. కొన్నవాడు భూతద్దం నాణెం మీద పెట్టి లాభమేమిటి, కాగితం మీద పెట్టాలి గానీ.

ఈ వ్యవహారంలో మనవాళ్ల పాత్ర తక్కువేం కాదు. ఇండియా ఏటా ఐదు కోట్ల సెస్టర్స్‌లు (అవీ రోమన్ నాణేలే) లాగేస్తోందని ప్లినీ వాపోయాడు. ఆ సొమ్ములో కొంత మన నేలలో దొరుకుతూనే ఉంది. కొండాపూర్‌లో (ఐటీ ఆఫీసులున్నది కాదు, సంగారెడ్డి వైపుది) రోమన్ చక్రవర్తి టైబీరియస్ నాణేన్ని చూసి మట్టితో చేసిన బిళ్లలు బయటపడ్డాయి. చక్రవర్తి వెండిలో రాగి కలిపితే మనవాళ్లు వెండి ఊసే లేకుండా కానిచ్చేశారు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి పాత గుడి శిథిలం తగిలింది. దాని కింద కుండలో రోమన్ చక్రవర్తులు ట్రేజన్, హేడ్రియన్‌లవీ, మహారాణి ఫౌస్టినావీ బంగారు నాణేలున్నాయి. అవి పాత బంగారం లెక్కన అమ్ముడుపోయాయి. కంసాలి గీటురాయికి మొహాలతో పని లేదు.

ఇప్పుడలా కుదరదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుగారికి తెలియజేయాలి. అందుకే లండన్‌లో సేకర్త తన నాణెం అసలుదేనని సర్టిఫికెట్ల కోసం పరుగెడుతుంటే, పొలంలో కుండ తగిలిన మనవాడు మాత్రం ఎవరడిగినా "గిల్టండీ, తిరునాళ్లలో పది రూపాయలకు కొన్నాను" అంటాడు. పదకొండని మాత్రం చచ్చినా అనడు.