గుత్తి పైసా అమ్మేసి విక్టోరియా రూపాయి దాచుకుంటే ఎట్లప్పా?

నాణేల డబ్బా బరువెక్కింది, కొన్ని తీసేద్దాం అని కూర్చునేవాళ్ళు మన కర్నూలు, అనంతపురం, కడప పక్క ఎక్కువమంది ఒకటే పని చేస్తారు. అరిగిన రాగి బిళ్ళలన్నీ ఒక సంచిలో పోసి "వీటికేం వస్తుందిలే" అని తూకానికి ఇచ్చేస్తారు. తెల్లగా మెరిసే విక్టోరియా రూపాయలు, జార్జి రూపాయలు మాత్రం గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుంటారు. ఇది చూస్తే కడుపు మండుతుంది. ఆ వెండి రూపాయి రేపు పొద్దున ఏ పెద్ద ఊరికి పోయినా దొరుకుతుంది. సంచిలో పోయిన రాగిలో గుత్తి టంకశాల పైసా ఒక్కటున్నా, అది మళ్ళీ మీ చేతికి రావడం చానా కష్టం.

ధర చూసి ఏరొద్దు, మెరుపు చూసి అసలే ఏరొద్దు. ప్రతి నాణేన్నీ ముందర పెట్టుకొని ఒకటే అడగండి: ఇది ఇచ్చేస్తే మళ్ళీ దొరుకుతుందా? దొరికేదైతే ఎంత అందంగా ఉన్నా పోనీండి. దొరకనిదైతే ఎంత అరిగినా పట్టుకోండి.

టిప్పు సుల్తాను ఏనుగు పైసా తీసుకోండి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు పారసీ అక్షరాల్లో టంకశాల పేరు, బరువు సుమారు 11 గ్రాములు. నాలుగైదు ఉంటే ఏనుగు బొమ్మ బాగున్న ఒక్కటి ఉంచుకొని మిగతావి అమ్మేస్తారు. వెనక్కి తిప్పి చూసేవాళ్ళు తక్కువ. అసలు సంగతంతా వెనకే ఉంది. "పటన్" అని ఉంటే శ్రీరంగపట్నంలో కొట్టింది. వాటికి కొదవ లేదు. "ఫైజ్ హిసార్" అని ఉంటే అది మన గుత్తి. కోట చేతిలో ఉన్న రోజుల్లో టిప్పు ఆ ఊరికి పెట్టిన పేరు అది. "జఫరాబాద్" అంటే గుర్రంకొండ. పారసీ చదవడం రాకపోయినా తేడా పట్టుకోవచ్చు. పటన్ అనేది మూడక్షరాల చిన్న మాట. ఫైజ్ హిసార్ రెండు మాటలు, చోటు ఎక్కువ తీసుకుంటుంది. పదింతలు పెద్దగా చూపించే లెన్సు పెట్టి, గదిలో దీపం ఆర్పి, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేటట్టు పట్టుకోండి. పైనుంచి చూస్తే నున్నటి ముద్దలాగ ఉన్నచోట అక్షరం నీడ లేస్తుంది. ఏనుగు పొట్ట పూర్తిగా అరిగిపోయి, నాలుగు కాళ్ళూ తొండం కొసా మాత్రమే మిగిలిన బిళ్ళ మీద కూడా వెనకవైపు "హిసార్" చివరి వంపు నిలబడి ఉండొచ్చు. ఆ వంపు కనబడితే ఆ నాణెం అమ్మకాల కుప్పలోనుంచి వెనక్కి తీయాలి.

సంవత్సరం దగ్గర కూడా పొరపాటు పడతారు. టిప్పు 1786-87 ప్రాంతంలో హిజ్రీ లెక్క మాని మౌలూదీ అనే కొత్త లెక్క తెచ్చినాడు. అప్పటినుంచి అంకెలు కుడినుంచి ఎడమకు చదవాలి. ఎడమనుంచి చదివితే అర్థంలేని సంఖ్య వస్తుంది, నకిలీ అనిపిస్తుంది. దాన్ని చూసి పారేయొద్దు. తరవాతి ఏండ్లలో విలువను బట్టి గ్రహాల, నక్షత్రాల పేర్లు కూడా వేయించినాడు: పైసాకు జోహ్రా, అర పైసాకు బహ్రామ్, పావు పైసాకు అఖ్తర్, అరపావుకు ఖుత్బ్. గోరంత ఉండే ఖుత్బ్‌ను చిల్లర కింద కలిపేస్తే పోయేది ఎంతో తెలియాలంటే ఒక్కసారి వెతికి చూడండి, ఎన్ని దొరుకుతాయో.

ఆదోనిదీ ఇదే కథ. మొగలుల నాణేల మీద ఆదోని పేరు ఇంతియాజ్‌గఢ్. ఆ కాలం అచ్చు పెద్దది, లోహపు బిళ్ళ చిన్నది. కాబట్టి టంకశాల పేరు సగం బిళ్ళ బయటే పడిపోయి ఉంటుంది. రాజు పేరు స్పష్టంగా ఉండి ఊరి పేరు లేనిదానికంటే, ముఖమంతా అరిగినా ఊరి పేరు నిలిచినదే మనకు ముఖ్యం.

మరి పోనిచ్చేవి ఏవి? మొదట కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వాళ్ళ 1808 నాటి 20 కాసు, 10 కాసు రాగి నాణేలు. సింహాలు, కవచం ఉన్న కుంఫిణీ చిహ్నం ఒకవైపు, "20 కాసులు 4 ఫలూసులు" అనే అర్థం వచ్చే పారసీ వాక్యం ఇంకోవైపు. 1800లో నిజాం మన ప్రాంతాన్ని కుంఫిణీకి దత్తం చేసిన తరవాత వచ్చిన నాణెం కదా, ఒకటి ఉంచుకోవాల్సిందే. రెండోది మాత్రం అక్కరలేదు. ఇంగ్లండులో కొట్టి మద్రాసుకు పంపిన ఈ నాణేల సరుకుతో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809లో ఇంగ్లండు తీరం దగ్గరి ఇసుక మేటల్లోనే మునిగింది. 1980లలో ఆ సరుకు లక్షల్లో బయటికి తీసినారు. అందుకే ప్రపంచమంతా 1808వి పుష్కలం. మనం ఇప్పటికీ డబ్బును దుడ్లు అంటాం కదా, దుడ్డు కూడా ఒకప్పటి రాగి నాణెం పేరే. ఆ అభిమానంతో పది ఉంచుకోవాల్సిన పని లేదు.

తరవాత 1916 నుంచి 1920 దాకా ఐదో జార్జి రూపాయలు. ఇవి కోట్లకు కోట్లు కొట్టినారు. మొదటి ప్రపంచ యుద్ధం చివర వెండి చాలక అమెరికా 1918లో చట్టం చేసి కోట్ల వెండి డాలర్లు కరిగిస్తే, అందులో ఎక్కువ భాగం మన దేశానికే వచ్చింది. అట్లాంటి నాణెం ఇరవై ముక్కలు ఎందుకప్పా? మంచిది ఒకటి చాలు. అమ్మే ముందు లెక్క తెలిసుండాలి. రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం, అంటే 10.69 గ్రాముల మేలిమి వెండి. దాన్ని ఆ రోజు గ్రాము ధరతో గుణిస్తే వచ్చేదే కింది ధర. అరిగిన వాటికి వెండి కూడా అరిగినంత తగ్గుతుంది. అంతకంటే కిందికి అడిగితే లేచి వచ్చేయండి. 1940 నుంచి 1945 దాకా రూపాయిలో వెండి సగమే. వాటి అంచు మధ్యలో సన్నటి గాడి ఉంటుంది, వేలితో తడిమినా తెలుస్తుంది. అవీ ఇవీ కలిపి ఒకే లెక్కన అమ్మితే మీరో కొనేవాళ్ళో నష్టపోతారు.

ఈ కుప్పలో కూడా తొందరపడకూడని చోట్లు ఉండాయి. 1862 విక్టోరియా రూపాయలు చూడడానికి అన్నీ ఒకటే. ఆ తర్వాత ఏండ్ల తరబడి కొట్టినా తేదీ 1862గానే ఉంచినారు. వెనకవైపు పైనా కిందా చుక్కల సంఖ్య మాత్రం మారుతుంది. చుక్కలు వేరైతే అది రెండో ముక్క కాదు, వేరే రకం. 1911 రూపాయి ఏదైనా ఉంటే రాజు అంగీ మీది ఏనుగును లెన్సుతో చూడండి, పంది మాదిరి కనిపిస్తుంది. గొడవ అవుతుందని 1912లో బొమ్మ మార్చినారు. అది గుంపులో పోనీయొద్దు. 1939 ఆరో జార్జి రూపాయి నిజంగానే అరుదు, అందుకే నకిలీలు కుప్పలు. తెలిసినవాళ్ళకు చూపించకుండా కొనొద్దు, అమ్మొద్దు. స్వాతంత్ర్యం తర్వాతి నాణేలకైతే తేదీ కింద గుర్తు చూడాలి. నక్షత్రం హైదరాబాదు, వజ్రం ముంబై, గుండ్రటి చుక్క నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే సంవత్సరం నాలుగు టంకశాలలవి నాలుగు వేరు నాణేలు.

అనుమానం వస్తే పరీక్ష ఇంట్లోనే అవుతుంది. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న త్రాసు కొనండి. అయస్కాంతం పెట్టి చూడండి. వెండి అంటుకోదు. 1947 పులి బొమ్మ రూపాయి అంటుకుంటుంది, అది నికెల్ కాబట్టి; నకిలీ అనుకోవద్దు. అయస్కాంతానికి అంటనంత మాత్రాన వెండి అని నమ్మకం లేదు, వెండి లేని జర్మన్ సిల్వర్ అనే మిశ్రమలోహం కూడా అంటదు. అప్పుడు త్రాసు మీద గ్లాసెడు నీళ్ళు పెట్టి అంకె సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్న దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. 11.66 గ్రాముల అసలు రూపాయి అయితే త్రాసు 1.13 దగ్గర ఆగుతుంది. 1.3 దాటితే వెండి కాదు. నాణేనికి అంటుకున్న గాలి బుడగలు లెక్క చెడగొడతాయి, మెల్లగా కదిపి వదిలించండి. ఇంకొకటి, గీతలన్నీ కొత్తగా ఉండి బరువు మాత్రం 11.3 కంటే తక్కువ ఉంటే పక్కన పెట్టాల్సిందే. అరగని నాణెం బరువు తగ్గదు.

ఇక తోమడం. దండం పెట్టి చెప్తున్నా, అమ్మే ముందు తోమొద్దు. దీపపు కుందెలు తోమినట్టు చింతపండు పెట్టి రాగి నాణెం రుద్దితే, పులుపు పైపొరను తినేసి పచ్చి గులాబీ రంగు లోహం బయటపడుతుంది. పది రోజులకు మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. రెండువందల ఏండ్లు పట్టిన ఆ గోధుమ రంగు మళ్ళీ రాదు. విభూతి, పళ్ళపొడి, వెండి తోమే పొడి అన్నీ గీతలు పెడతాయి. లెన్సు పెట్టి చూసే ఏ కొనుగోలుదారైనా ఆ గీతలు చూసి సగానికి సగం తగ్గిస్తాడు. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లో ఏండ్లపాటు పెట్టినవాటికి పచ్చగా జిగట పడుతుంది. అది ఆ ప్లాస్టిక్‌లోని పీవీసీ చేసే పని. దానికి మాత్రం స్వచ్ఛమైన అసిటోన్‌లో, గాజు గిన్నెలో, పొయ్యికి దూరంగా, కాసేపు నానబెట్టి రుద్దకుండా ఆరబెట్టాలి. గోళ్ళరంగు తుడిచే ద్రావణం వాడొద్దు, అందులో నూనెలూ వాసనలూ కలుపుతారు. రబ్బరు బ్యాండ్లు వేసి వెండి నాణేలు కట్టలు కట్టేవాళ్ళూ ఉన్నారు. రబ్బరులోని గంధకం నల్లటి గీత గీసి పెడుతుంది.

కొక్కెం అతికించిన రూపాయలు మన పక్క చాలా కనిపిస్తాయి. మెడలో వేసుకోడానికి చిల్లు పెట్టినవి, సుగాలీ ఆడవాళ్ళ నగల్లోనుంచి ఊడదీసినవి. నాణెంగా వాటికి వెండి ధరే. కానీ నగ మొత్తం ఒకటిగా ఉంటే దయచేసి విడదీయొద్దు. దాని అల్లిక, దారం, వరస అన్నీ కలిసే ఒక వస్తువు. విడి రూపాయలుగా చేస్తే పన్నెండు పాడైన నాణేలు మిగులుతాయి, అంతే.

ట్రాక్టరు బొమ్మ 5 రూపాయల నోటు, వైష్ణోదేవి నాణెం, 786 అంకె ఉన్న నోటు. వీటికి లక్షలు ఇస్తామని వీడియోలు చేసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. పాత నాణేలు, నోట్ల లావాదేవీల కోసం తన పేరు చెప్పి రుసుము అడిగేవాళ్ళను నమ్మొద్దని, అట్లాంటి పని తాను చేయనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న స్పష్టంగా ప్రకటించింది. ముందు దుడ్లు కట్టమన్నారంటే అక్కడితో ఫోను పెట్టేయండి. ఇట్లాంటివి మీ దగ్గర ఉంటే ముఖవిలువకు ఖర్చు పెట్టేయొచ్చు, లేదా ఊళ్ళో కొత్తగా సేకరణ మొదలుపెట్టిన పిల్లలకు ఇచ్చేయొచ్చు. 25 పైసలు, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30 నుంచి చెల్లవు కాబట్టి వాటిని పిల్లలకే ఇవ్వండి, సంతోషపడతారు.

చట్టం కూడా చూసుకోవాలి. రద్దయిన 500, 1000 నోట్లు 2017 చట్టం ప్రకారం ఎవరి దగ్గరైనా మొత్తం పదికి మించకూడదు, అధ్యయనం కోసమో సేకరణ కోసమో అయితే 25 దాకా. మించినవాళ్ళకు పదివేలు, లేదా నోట్ల విలువకు ఐదింతలు, ఏది ఎక్కువైతే అది జరిమానా. నూరేండ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు. దేశం దాటించకూడదు, వాటితో వ్యాపారం చేసేవాళ్ళకు లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. పొలం దున్నుతుంటే దొరికిన నాణేల కుండైతే అది మీ సేకరణే కాదు. 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

ఇచ్చేసేదానికైనా, ఉంచుకునేదానికైనా చీటీ రాయండి. బరువు, అడ్డకొలత, అన్నిటికంటే ముఖ్యంగా ఏ ఊరిలో, ఏ ఇంటి సామానులో, ఎప్పుడు దొరికిందో. పత్తికొండ సంతలో దొరికిన ఫైజ్ హిసార్ పైసాకూ, ఊరు తెలియని ఫైజ్ హిసార్ పైసాకూ లోహంలో తేడా లేదు. మొదటిది మాత్రం గుత్తి చిల్లర ఎంత దూరం నడిచిందో చెప్తుంది. పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా తేమకు కారి నాణేనికి అంటుకుంటుంది. చీటీని నాణేనికి తగలకుండా కవరు బయటివైపు పెట్టండి. కొనుక్కునేవాళ్ళకు నాణెంతో పాటు ఆ చీటీ కూడా చేతికివ్వండి.